రేవు నుండి రేవునకు

విహారనౌక యనగానే మనవారికి స్ఫురించునది ధనికుని వినోదము. తెల్లని తెరచాప, దాని నీడలో తెల్లని దుస్తులు ధరించి కూర్చున్న దొర, చుక్కాని పట్టుటకు ఒక పనివాడు: ఈ చిత్రమే మన చదువరుల మనస్సులలో నాటుకొని యున్నది. ఇది కేవలము అబద్ధమని మేమనము. అట్టి దొరలును కలరు, అట్టి నౌకలును కలవు. కాని చిన్న నావపై, గాలిని నమ్ముకొని, తీరము వెంబడి ఒక రేవు నుండి మరియొక రేవునకు పోవుట వినోదముకంటె వేరైన విద్య. ఆ విద్య గల జాతికిని లేని జాతికిని ఉన్న తారతమ్యము సామాన్యమైనది కాదు. ఈ మాటను ఉపదేశముగా చెప్పినచో నెవ్వరును వినరు గనుక ఒక నావ కథ చెప్పెదము.

ఆ నావ పేరు ఆస్గార్డ్. నార్వే దేశమున లార్విక్ పట్టణమునందు 1905లో కోలిన్ ఆర్చర్ అను నౌకాశిల్పి దానిని నిర్మించెను. నాన్సెన్ ఉత్తరధ్రువ ప్రాంతమునకు పోయిన ఫ్రామ్ ఓడకు శిల్పి యీతడే. ఆస్గార్డ్ పొడవు 51 అడుగులు. ఇంచుమించు మన గోదావరి కాలువలలో ధాన్యము మోసిన పెద్ద పడవయంత. యంత్రము లేదు. గాలి యున్నచో నడచును, లేనిచో నిలుచును. దాని యజమాని ఎర్స్కిన్ ఛైల్డర్స్. ఆయన భార్య మాలీ తలిదండ్రులు బోస్టను పురవాసులు, సంపన్నులు. వివాహపు కానుకగా ఈ నావను వారు చేయించి ఇచ్చిరి. అయినచో ఇదియు ధనికుని ఆటవస్తువే గదా యని పాఠకుడు నవ్వవచ్చును. తొందరపడవలదని మనవి.

మన సంస్కృత పండితులకు ఛైల్డర్స్ అను పేరు వేరొక దారిని తెలిసియుండును. సింహళమున ఉద్యోగము చేసి, పాళీ భాషకు ఇంగ్లీషులో మొట్టమొదటి పెద్ద నిఘంటువును 1872, 1875 సంవత్సరములలో రెండు సంపుటములుగా వెలువరించిన రాబర్ట్ సీజర్ ఛైల్డర్స్ ఈయన తండ్రి. ఆ పండితుడు 1876లో క్షయవ్యాధితో మరణించునప్పటికి బాలునకు ఆరేండ్లు. పిల్లవాడు ఐర్లండులో విక్లో కొండల నడుమ తల్లివైపు బంధువులయొద్ద పెరిగి, ఇంగ్లండులో చదివి, 1895లో బ్రిటిషు పార్లమెంటు దిగువసభలో గుమాస్తాగా చేరెను. బోయరు యుద్ధమున బ్రిటిషు పక్షముననే పోరాడెను. అనగా జన్మచేతను, చదువుచేతను, కొలువుచేతను సామ్రాజ్యమునకు చెందిన మనుష్యుడు.

ఈ గుమాస్తాకు సెలవుదినములలో ఒకటే వ్యసనము, సముద్రము. 1897లో ఆయనకున్నది ఆస్గార్డ్ కాదు. పనికిరాదని తీసివేసిన ప్రాణరక్షణ పడవ నొకదానిని మార్చి, తెరచాప నెత్తి, విక్సెన్ అని పేరు పెట్టిరి. ముప్పది అడుగుల పొడవు, తల యెత్తి నిలువ వీలులేని గది. దానిపైని ఆయన జర్మనీ ఉత్తరతీరమున ఫ్రీషియన్ ద్వీపముల వెనుకనుండి బాల్టిక్ సముద్రము వరకు పోయెను. ఆ ప్రదేశము వింతయైనది. పోటు వచ్చినపుడు కంటికి ఎటు చూచినను సముద్రమే. పాటు తీసినపుడు మైళ్లకొలది ఇసుకనేల. ఆ ఇసుకమేటల నడుమ సన్నని కాలువలు పాములవలె మెలికలు తిరుగును. ఏ కాలువలో ఏ గంటకు ఎన్ని అడుగుల నీరుండునో తెలిసినవానికి అది రాజమార్గము. తెలియనివానికి శ్మశానము. ఈ ప్రయాణముల అనుభవముతో ఆయన 1903లో ‘రిడిల్ ఆఫ్ ది శాండ్స్’ అను నవలను వ్రాసెను. ఇద్దరు మిత్రులు చిన్న నావలో ఆ మేటలను శోధించుచు, వాటి చాటున ఇంగ్లండుపైకి దండయాత్ర సిద్ధమగుచున్నదని కనిపెట్టుట అందలి కథ. ఆ గ్రంథము చదివి సామ్రాజ్యమువారు ఉలికిపడిరి. కాని దానిలోని అసలు విషయము దండయాత్ర కాదని మా ఊహ. తీరమును తెలిసినవాడే తీరమునకు స్వామి యనునదే ఆ పుస్తకమంతయు చెప్పుచున్నది.

నావికవిద్య నెరుగని పాఠకులకు ఇచట ఒక మాట చెప్పవలసియున్నది. నడిసముద్రమున చిన్న నావకు భయము మెండని లోకులనుకొందురు. నావికుల లెక్క తారుమారు. నీరు లోతుగా నుండి, చుట్టును వంద మైళ్ల వరకు తగులుటకేమియు లేనిచోట చాపలు దించి ఎంతటి గాలినైనను ఓర్చుకొనవచ్చును. భయమంతయు ఒడ్డు దగ్గరనే. గాలి సముద్రము నుండి నేలవైపు వీచినపుడు నావ రాళ్లమీదికి త్రోయబడును. నదీముఖములలో ఇసుకమేటలు ఏటేట చోటు మార్చును. పోటుపాటులు నదులవలె పారును. ఇంగ్లీషు కాలువలో ఆరు గంటలు తూర్పునకును ఆరు గంటలు పడమరకును నీరు పారుచుండును. డోవరు ఇరుకులో ఆ వడి గంటకు మూడు సముద్రపు మైళ్లను దాటును. గంటకు ఐదు మైళ్లు పోవు నావ దాని కెదురేగినచో ఐదు గంటలు శ్రమపడి రెండు గంటల దూరము నడచును. అందుచేత తీరప్రయాణము చేయువాడు మొదట గడియారమును, పంచాంగమును చూచును. ఏ తిథికి పోటు ఎంత, అది ఏ గంటకు తిరుగును, చీకటి పడులోపల రేవు దొరకునా, దొరకనిచో నడుమ తల దాచుకొనుటకు చోటు గలదా, ఇవన్నియు లంగరు ఎత్తుటకు ముందే తేల్చుకొనవలయును. మన పౌరోహితుడు ముహూర్తము పెట్టుట వంటిదే ఇది. తేడా ఏమనగా ఇక్కడ ముహూర్తము తప్పినచో ఫలితము ఆనాడే తెలియును.

ఇక 1914. ఐర్లండునకు స్వపరిపాలన నిచ్చు శాసనము పార్లమెంటులో తుదిదశకు వచ్చియుండెను. దానిని బలముతో నడ్డగింతుమని ఉత్తరాన అల్‌స్టరు పక్షమువారు సేన కూర్చి, ఏప్రిలులో లార్న్ రేవున వేలకొలది తుపాకులను బహిరంగముగా దింపుకొనిరి. అధికారులు చూచి చూడనట్లూరకుండిరి. దక్షిణమున ఐరిషు వాలంటీర్లకు మాత్రము చేతికఱ్ఱలే ఆయుధములు. అప్పుడు లండనులో చరిత్రకారిణి ఆలిస్ స్టాప్‌ఫర్డ్ గ్రీన్, రోజర్ కేస్‌మెంట్, మాంటీగిల్ ప్రభువు కుమార్తె మేరీ స్ప్రింగ్ రైస్ మొదలగువారు చందాలు పోగుచేసి హాంబర్గులో 1500 పాత మాసర్ తుపాకులు కొనిరి. డబ్బు చేకూరినది, సరకు దొరకినది. తెచ్చుటెట్లు? పెద్ద ఓడలన్నింటిపైని సర్కారు కన్నుండును. విహారనౌకలో సెలవులు గడుపుచున్న మాజీ పార్లమెంటు గుమాస్తాను, ఆయన భార్యను ఎవరనుమానింతురు? ధనికుని ఆటవస్తువని మనము నవ్విన ఆ చిత్రమే వారికి ముసుగుగా పనికివచ్చినది.

జూలై 3వ తేదీన వేల్సు ఉత్తరతీరమున కాన్వే రేవు నుండి ఆస్గార్డ్ బయలుదేరెను. నావపై ఆరుగురు: ఛైల్డర్స్, మాలీ, మేరీ స్ప్రింగ్ రైస్, బ్రిటిషు వైమానికదళమున అధికారియైన గోర్డన్ షెపర్డ్ అను మిత్రుడు, డొనెగాల్ తీరమున గోలా ద్వీపమునకు చెందిన జాలరులు ప్యాట్రిక్ మెక్గిన్లీ, చార్లెస్ డగ్గన్. మాలీ బాల్యమున జరిగిన ప్రమాదము వలన కాళ్లు సరిగా స్వాధీనములో లేని స్త్రీ. నేలమీద కష్టముతో నడచు ఆమె నావపై చుక్కాని పట్టినచో ఎవరికిని తీసిపోదు. వారు ఇంగ్లండు నైరృతికొనను చుట్టి, ఇంగ్లీషు కాలువలో తూర్పునకు మరలి, కౌస్ రేవున తోటినావ కెల్పీని కలిసికొని, జూలై 12వ తేదీ సాయంకాలము బెల్జియము తీరమునకు వెలుపల రూటిగెన్ దీపనౌక దగ్గరకు చేరిరి. తొమ్మిది దినములలో ఐదువందల సముద్రపు మైళ్లకు పైగా ప్రయాణము. యంత్రము లేని నావకు అదే తేదీ, అదే చోటు. ఈ ఖచ్చితత్వమును చదువరి గమనింపక దాటిపోరాదు. ఎదురుగాలి ఎన్నాళ్లు వీచునో, గాలి పడిపోవునో ఎవ్వరును ముందుగా చెప్పలేని దారిలో, నెల ముందు అనుకొన్న దినమునకు వారు అక్కడ నుండిరి.

హాంబర్గు నుండి వచ్చిన గ్లాడియేటర్ అను లాగుడు ఓడ అచట కాచియుండెను. కానర్ ఓబ్రియెన్ నడిపిన కెల్పీ తన వంతుగా 600 తుపాకులను ముందే ఎక్కించుకొనిపోయెను. మిగిలినవి 900, వాటితోపాటు 29,000 తూటాలు. ఆ రాత్రి దీపముల వెలుగున గడ్డి చుట్టిన కట్టలు విప్పి, ఒక్కొక్క తుపాకినే లోపలికి అందించి, గదులలో నేల కనబడకుండ పేర్చిరి. వాటిమీదనే పరుపులు, వాటిమీదనే భోజనము. తరువాత రెండు వారములు ఆ స్త్రీలును పురుషులును తుపాకులపై ప్రాకుచు, వాటిపై నిద్రించుచు గడిపిరి. బరువుతో నావ నీటిలోనికి దిగిపోయెను. తిరుగుదారిలో డెవన్‌పోర్టు వెలుపల చీకటివేళ బ్రిటిషు యుద్ధనౌకలు విన్యాసములు చేయుచుండగా వాటి నడుమ చిక్కిరి. ఒకటి రెండు ఓడలు వారిని త్రొక్కివేయునంత దగ్గరగా పోయినవి. ఆ యుద్ధనౌకలపైని వారికి కనబడినది ఒక తెరచాప, దీపము పట్టుకొన్న కొందరు షికారుమనుష్యులు. అంతే. మిల్ఫర్డ్ హేవెన్ రేవునను, హోలీహెడ్ రేవునను ఆగుచు పోయిరి. రేవులో లంగరు దించినప్పుడెల్ల రేవు అధికారి వచ్చి పలుకరించు ఆచారము. లోపలికి తొంగిచూచినచో కథ అక్కడనే ముగిసియుండెడిది.

వారు చేరవలసిన గడువు జూలై 26, ఆదివారము, మధ్యాహ్నము. చేరవలసిన చోటు డబ్లినుకు ఈశాన్యమున తొమ్మిది మైళ్ల దూరమున నున్న హోత్ అను చిన్న రేవు. అది పూడిక పట్టు రేవు. భారముతో దిగిన నావ పోటు నిండుగా నున్న వేళనే ప్రవేశించి, అది తీయులోపల బయటపడవలెను. డబ్లిను నుండి వాలంటీర్లు కవాతు చేయుచు ఆ గంటకే వత్తురు. ముందు వచ్చిన పోలీసు పట్టుకొనును, వెనుక వచ్చిన వాలంటీర్లు పట్టుబడుదురు. ఐరిషు సముద్రమున గాలివాన వారిని ఒక రాత్రియంతయు కుదిపివేసెను. ఆదివారము పగలు రేవునకు వెలుపల తిరుగాడుచుండగా, అంతయు క్షేమమని తెలుపుటకు ఒడ్డు నుండి రావలసిన మోటారు పడవ రాలేదు. సముద్రము కలతగా నుండుటచే అది బయలుదేరనే లేదట. వారికి ఆ సంగతి తెలియదు. గడువు సమీపించుచున్నది. లోపల స్నేహితులున్నారో, పోలీసులున్నారో? వెనుకకు పోయినచో పోటు తప్పును, పోటు తప్పినచో సర్వము తప్పును. ఛైల్డర్స్ లోపలికి పోదమనెను. మాలీ చుక్కాని పట్టెను. ఒంటిగంట లోపల నావ కట్టను తాకుసరికి, వేయిమంది వాలంటీర్లు కట్టపైకి పరుగున వచ్చుచుండిరి. అరగంటలో 900 తుపాకులును చేతులు మారినవి. నావ వెంటనే చాప ఎత్తి బయటికి పోయెను.

ఆయుధములను గూర్చి వాదించుట ఈ వ్యాసము పని కాదు. మన దేశము స్వాతంత్ర్యమునకు ప్రధానముగా నడచిన దారి వేరు, ఆ దారియందే మాకు గౌరవము. కాని జరిగినదానిని దాచుటయు మంచిది కాదు. ఆ సాయంకాలమే డబ్లినులో బ్యాచిలర్స్ వాక్ వీధిలో, గేలిచేయుచున్న జనసమూహముపై సైనికులు కాల్పులు జరుపగా ముగ్గురు అక్కడికక్కడే మరణించిరి. పదిదినములు గడవకమునుపే ఐరోపాయుద్ధము వచ్చిపడెను. ఐరిషువారికి తుపాకులు తెచ్చిన ఛైల్డర్స్ బ్రిటిషు నౌకాదళమున చేరెను. ఆ డిసెంబరు 25న జర్మనీలో కుక్స్‌హావెన్‌పై జరిగిన విమానదాడికి, విక్సెన్ నావపై సంపాదించిన ఆ ఇసుకమేటల జ్ఞానమే అక్కరకు వచ్చినది. విద్యకు పక్షము లేదు. అది తెలిసినవాని వెంట నడచును. యుద్ధానంతరము ఆయన పూర్తిగా ఐరిషు రిపబ్లికు పక్షమున నిలిచి, 1921 సంధిని వ్యతిరేకించి, 1922 నవంబరు 24న స్వదేశీయుల ప్రభుత్వముచేతనే కాల్చి చంపబడెను. నేరము, చిన్న పిస్తోలు దగ్గర నుంచుకొనుట. మరణశిక్షకు సంతకము చేసిన ప్రతివానితోను కరచాలనము చేయవలెనని పదునారేండ్ల కుమారునిచేత మాట తీసికొని పోయెను.

ఆ కుమారుని ప్రసంగము వచ్చినది గనుక ఒక చిత్రమైన సంగతి. ఆస్గార్డ్ హోత్ చేరిన దినములలో డబ్లినులో న్యాయశాస్త్రము చదువుచున్న తెలుగు యువకు డొకడుండెను. బరంపురము నుండి 1913లో వెళ్లి, 1916 తిరుగుబాటు తరువాత దేశము విడిచిపొమ్మని ఉత్తరువు పొంది తిరిగివచ్చిన వరాహగిరి వేంకటగిరి. ఆయన 1969 నుండి 1974 వరకు భారత రాష్ట్రపతి. 1973 జూనులో ఐర్లండు అధ్యక్షపీఠ మెక్కినవాడు ఆనాటి పదునారేండ్ల బాలుడు, ఎర్స్కిన్ హామిల్టన్ ఛైల్డర్స్. ఏడాదికి పైగా ఈ ఇరువురును రెండు దేశములకు ఏకకాలమున అధ్యక్షులు. ఐర్లండు నుండి మనవారు కార్మికసంఘములను, కవిత్వమును, కారాగారవ్రతమును నేర్చికొనిరి. నావ నడుపుట మాత్రము నేర్చికొనలేదు.

ఇక మన తీరమునకు వత్తము. ఉత్తరాన ఇచ్ఛాపురము నుండి దక్షిణాన పులికాటు వరకు ఆంధ్రతీరము సుమారు వేయి కిలోమీటర్లు. ఓడబొమ్మ గల యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములను సభలలో చూపి గర్వించుట మనకు వాడుక. ఆ నాణెమునందలి ఓడకు రెండు తెరచాప స్తంభములున్నవని ప్రతి ఉపన్యాసకుడును చెప్పును. సభలో నొక్కనికైనను ఆ చాపను ఎట్లు త్రిప్పుదురో తెలియదు. 1930లో ఉప్పు సత్యాగ్రహమునాడు మన విద్యావంతులు చీలమండలలోతు వరకు సముద్రములో దిగిరి. మచిలీపట్టణమున దిగినవారి ధైర్యమునకు మేము చేతులెత్తి మ్రొక్కుదుము. అయినను చీలమండలను దాటి మనవారు నేటికిని పోలేదనునది నిజము. సముద్రముపై కూడు సంపాదించు వాడబలిజలు, జాలరులు, పల్లెవారు వేరు. వారి విద్యను మనము విద్యగా లెక్కింపము. ఆస్గార్డ్‌పై గోలా జాలరులు ఇద్దరును పార్లమెంటు గుమాస్తాతోను ప్రభువు కుమార్తెతోను ఒకే గదిలో, ఒకే తుపాకుల గుట్టపై తినిరి, నిద్రించిరి. మన జమీందారు బిడ్డయు జాలరిబిడ్డయు ఒక తెప్పపై కూర్చున్నట్లు ఎవరైన విన్నారా?

తీరప్రయాణమునకు మన సముద్రము అనుకూలము కాదని కొందరందురు. ఇందులో సగము నిజము. విశాఖ నుండి కాకినాడకు సముద్రమార్గమున డెబ్బదియైదు మైళ్లు. వాటమైన గాలిలో చిన్న నావకు పదునైదు గంటల దారి. డాల్ఫిన్ కొండను వెనుక నుంచుకొని సాయంకాలము బయలుదేరినచో మరునాటి ప్రొద్దున కాకినాడ అఖాతమున, హోప్ ద్వీపపు ఇసుకకోన చాటున లంగరు దింపవచ్చును. అచ్చట నుండి కథ మారును. గోదావరీముఖములను దూరముగా చుట్టి మచిలీపట్టణమునకు ఇంచుమించు నూరు మైళ్లు. అక్కడ నుండి దివి కొనను దాటి కృష్ణపట్టణమునకు నూటముప్పది. నడుమ నిజాంపట్నము వంటి చోట్ల ప్రవేశింపవలెనన్న ఇసుకమేటను తెలిసినవాడు వెంట నుండవలెను. మన పోటు ఇంగ్లండు పోటువలె భీకరము కాదు; విశాఖలో పౌర్ణమినాడును ఐదడుగులకు మించదు. దాని బదులు మనకు అలల విరుపు కలదు, అక్టోబరు మొదలు ఈశాన్యపు గాలితో దక్షిణమునకును, వేసవి ముందు నెలలలో ఉత్తరమునకును పారు తీరప్రవాహము కలదు. అన్నిటికంటె మించి తుపాను కలదు. ఓడలు కట్టిన కోరంగిని 1839 నవంబరులో అది ముంచినది. మచిలీపట్టణమును 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ముప్పదివేలమందితో మ్రింగినది. 1996 నవంబరు 6న కోనసీమపై విరుచుకపడినపుడు సముద్రముపై నున్న వందలకొలది మత్స్యకారులు తిరిగి రాలేదు.

ఈ కడపటి మాటకొరకే మేమింత దూరము వచ్చితిమి. సముద్రముపై నున్నవానికి గాలి మారినపుడు తల దాచుకొనుటకు ఎంత దూరమున చోటున్నది అనునదే చిన్న నావ ప్రశ్న. పెద్ద ఓడకు విశాఖ చాలును, కృష్ణపట్టణము చాలును. అది తుపానుకు ముందుగా నడిసముద్రమునకు పోగలదు. చిన్న నావకు దగ్గరలో రేవు కావలెను. మన ప్రభుత్వములు రేవు అన్నప్పుడెల్ల బొగ్గును, ఇనుపఖనిజమును, లక్షల టన్నులను తలచుచున్నవి. జువ్వలదిన్నె వద్ద మత్స్యకారులకు రేవు కట్టినందులకు సంతోషింతము. మచిలీపట్టణమున 2023లో పెద్దరేవు పనులు మొదలుపెట్టినందులకును సంతోషింతము. కాని యాబది మైళ్లకొక ఆశ్రయమైనను లేని తీరము బిడ్డలను సముద్రముమీదికి పంపి తలుపు వేసికొన్న ఇల్లు వంటిది.

ఈ ధర్మము మనకు కొత్తది కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. తుపానులో చెడి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని ధనమునంతయు పూర్వపు రాజులు బలవంతముగా తీసికొనుచుండిరనియు, తాము న్యాయమైన సుంకము మాత్రమే తీసికొని తక్కినది యజమానులకే విడుచుచున్నామనియు దాని భావము. ప్రాణములకంటె ధనము మిన్న యని యెరిగియే, సముద్రమున సాహసించువారియెడల దయతో ఈ పని చేసితిమని రాజు చెప్పుకొనెను. నేడు మోటుపల్లి బాపట్ల జిల్లాలో ఒక చిన్న గ్రామము. శాసనము నిలిచియున్నది, రేవు లేదు.

మాకు మరియొక వింత తోచుచున్నది. మన దేశపు సముద్రపటములను తయారుచేయు కార్యాలయము సముద్రము కంటికి కనబడని డెహరాడూనులో నున్నది. వారి పని గొప్పది, దానిని కాదనము. కాని ఆ పటములు ఇంగ్లీషులో నుండును. వాటిని చదువగలవాడు సముద్రము మీదికి పోడు, పోవువాడు వాటిని చదువలేడు. ఈ ఇరువురిని ఒక నావలో కూర్చుండబెట్టుటే తీరప్రయాణ విద్య. దానికి కోట్లు అక్కరలేదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్టణములందలి కళాశాలలకు ఒక్కొక్కదానికి నాలుగు చిన్న చాపపడవలును, నేర్పుటకు జీతమిచ్చి ఒక వృద్ధ జాలరిని ఏర్పాటు చేసిన చాలును. జీతమిచ్చి యనుమాటను మేము కావలెననియే వ్రాసితిమి. ఆడపిల్లలకు ఇది తగదనువారుందురు. వారికి మాలీ ఛైల్డర్స్ కథ చాలనిచో దగ్గరలోనిదే కలదు. 2017 సెప్టెంబరులో గోవా నుండి తారిణి అను చాపనౌకపై ఆరుగురు నౌకాదళాధికారిణులు బయలుదేరి, భూగోళమును చుట్టి, 2018 మే 21న తిరిగివచ్చిరి. వారిలో పి. స్వాతి విశాఖవాసి, బి. ఐశ్వర్య హైదరాబాదు వాసి. ఆ నౌక పొడవు యాబదియైదు అడుగులు, ఆస్గార్డ్ కంటె నాలుగడుగులు ఎక్కువ.

ఆస్గార్డ్‌ను ఐర్లండు ప్రభుత్వము 1961లో కొని, కొన్నాళ్లు యువకులకు నౌకాశిక్షణ నిచ్చుటకు వినియోగించి, ఏండ్ల తరబడి మరమ్మతు చేయించి, 2012 నుండి డబ్లినులోని మ్యూజియమున నిలిపియుంచినది. ఆ పని మంచిదే. మనకు మ్యూజియములో పెట్టుటకైనను అట్టి నావ లేదు.

కొన్నేండ్ల క్రిందట భీమునిపట్టణము ఒడ్డున వలలు బాగుచేసికొనుచున్న ఒక ముదుసలి జాలరిని, నేల కనబడీ కనబడని దూరమున చేపలుండు చోటును ఎట్లు పోల్చుకొందువని అడిగితిమి. “కొండ మీద కొండెక్కితే చాలు బాబూ, తెలిసిపోద్ది” అనెను. ఒడ్డుననున్న కొండయు దాని వెనుకనున్న కొండయు ఒక వరుసలోనికి వచ్చుట ఒక గీత. మరియొక ప్రక్క గుడిగోపురమును చెట్టును కలియుట రెండవ గీత. రెండు గీతలును కలిసినచోట వల వేయుదురు. క్షేత్రగణితము చదివిన మేము కొంత సిగ్గుపడితిమి. ఆయన మనుమడు మాత్రము చేతిలో ఇమిడిన ఉపగ్రహయంత్రమును చూచుకొని పోవుచున్నాడు. అది మంచిదేనా యని అడిగితిమి. మంచిదే నని ఒప్పుకొని, కొంతసేపు వల అల్లి, తల యెత్తకయే “దాంట్లో మందయిపోయిన్నాడు మళ్లీ కొండకేసే చూస్తాడు. ఏ కొండో చెప్పడానికి నేనుండొద్దా?” అనెను.